ఎఫ్40, 959: తక్కువ సంఖ్యలో ఉన్నదానికి ధర ఎందుకు తక్కువ?

1980ల చివర్లో వచ్చిన ఫెరారీ ఎఫ్40, పోర్షే 959 కార్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. 959లు తయారైనవి మూడు వందల పైచిలుకు మాత్రమే. ఎఫ్40లను మొదట నాలుగు వందలే చేయాలనుకున్న ఫెరారీ, గిరాకీ చూసి 1,300కు పైగా తయారుచేసింది. అయినా వేలంలో సాధారణంగా ఎఫ్40కే ఎక్కువ ధర పలుకుతుంది.

శక్తిలో తేడా స్వల్పమే. ఎఫ్40లోని 2.9 లీటర్ల వి8 ఇంజను 478 హార్స్‌పవర్ ఇస్తుంది, 959లోని 2.85 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను 450 ఇస్తుంది. రెండింటికీ రెండేసి టర్బోలు, అంటే ఎగ్జాస్ట్ వాయువుల ఒత్తిడితో తిరుగుతూ ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరాలు, ఉన్నా వాటి పనితీరు పూర్తిగా వేరు. 959లో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు (తక్కువ ఆర్‌పీఎం దగ్గర) ఎగ్జాస్ట్ వాయువులన్నీ ఒకే టర్బోను తిప్పుతాయి, ఇంజను వేగం అందుకున్నాక రెండోది తోడవుతుంది, అందువల్ల శక్తి ఒడిదుడుకులు లేకుండా పెరుగుతుంది. ఎఫ్40లో రెండు టర్బోలూ కలిసే పనిచేస్తాయి కాబట్టి, మొదట కొంత మందకొడిగా ఉన్న ఇంజను ఒక్కసారిగా విజృంభిస్తుంది, ఆ శక్తంతా వెనుక చక్రాల మీదే పడుతుంది. దాన్ని అదుపు చేయడానికి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ కూడా లేదు.

959లో మాత్రం నాలుగు చక్రాలకూ అవసరాన్ని బట్టి శక్తిని పంచే వ్యవస్థ, ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు ఆనాడే ఉన్నాయి. 1986 పారిస్-డాకార్ ర్యాలీలో రెనె మెట్జ్ గెలిచింది ఈ కారుతోనే. ఇంజనీరింగ్ ఒక్కటే కొలమానమైతే 959దే పైచేయి అని నేను నిస్సంకోచంగా చెబుతాను.

సేకరించేవారి చూపు మాత్రం వేరే చోట ఉంటుంది. 1988లో మరణించిన కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ స్వయంగా ఆమోదించిన చివరి రోడ్డు కారు ఎఫ్40. ఆ గుర్తింపు మరే కారుకూ రాదు. పైగా అందులోని కాఠిన్యం కంటికి కనబడుతుంది. లోపల తివాచీ లేదు, రేడియో లేదు, తలుపు తెరవడానికి పిడికి బదులు ఒక తీగ వేలాడుతుంది. బరువు తగ్గించడానికి ఎరుపు రంగును ఎంత పలుచగా పూశారంటే, కార్బన్ ఫైబర్ అల్లిక దాని కింద నుంచి లీలగా కనిపిస్తుంది. అల్లిక కనిపించనంత మందంగా రంగు ఉంటే, ఆ భాగానికి ఎప్పుడో మళ్లీ రంగు వేశారేమోనని అనుభవజ్ఞులు వెంటనే అనుమానిస్తారు. ఇంధన ట్యాంకులుగా వాడిన, గడువు తీరే రబ్బరు సంచులను సమయానికి మార్చారో లేదో కూడా పత్రాలు తెరిచి చూడాల్సిందే.

959 ధరను వెనక్కి లాగినవి రెండు. భద్రతా ధ్రువీకరణ లేకపోవడంతో 1990ల చివరి వరకూ దానికి అమెరికా రోడ్లపై చోటు దొరకలేదు, అంటే సేకర్తలు ఎక్కువగా ఉన్న దేశమే దూరమైంది. ఆ కారును గొప్పదిగా నిలిపిన సంక్లిష్టతే రెండో కారణం, ఎందుకంటే దాన్ని బాగుచేయగలిగే చేతులు తక్కువ, ఖర్చు విపరీతం. 959లలో సేకర్తలు ప్రత్యేకంగా వెతికే స్పోర్ట్ రూపాంతరాన్ని చూస్తే ఈ మాట బలపడుతుంది. కేవలం 29 తయారైన ఆ కార్లలో ఎత్తు మార్చే సస్పెన్షన్ తీసేశారు, ఏసీ తీసేశారు, బరువు తగ్గించారు. పోర్షే అభిమానులు సైతం చివరికి కోరుకున్నది ఎఫ్40 స్వభావానికి దగ్గరగా వచ్చిన 959నే.