సగటు వాన చూపించని వరద: నా గేట్ హైడ్రాలజీ ప్రిపరేషన్

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) సివిల్ పుస్తకాలేమో ఇంగ్లీషు. మొదటిసారి హైడ్రాలజీని, అంటే వాన నీరు ఎంత ఇంకుతుందో ఎంత పారుతుందో లెక్కగట్టే సబ్జెక్టును, ఫార్ములాలు బట్టీపట్టి వదిలేశాను. మాక్ టెస్టులో కర్వ్ నంబర్ (నేల నీటిని ఇంకనివ్వకుండా ఎంతగా పారనిస్తుందో చెప్పే అంకె) లెక్క కనిపిస్తే టెన్షన్ మొదలయ్యేది. రెండోసారి మా ఊరి గెడ్డను (వాగును) మనసులో పెట్టుకుని చదివాను.

మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. వీధిలో చినుకు లేకపోయినా కొండమీద కురిస్తే చాలు, గెడ్డ ఎర్రగా పొంగుకొచ్చేస్తుంది. 2017 జులై 16న ఆకస్మిక వరదకు తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది.

ఇప్పుడు కాగితం తీయండి. సగటు వాన 100 మి.మీ., సగటు కర్వ్ నంబర్ 75. నేల పట్టుకోగల నీరు ఎస్ = 25400/75 − 254, అంటే సుమారు 85 మి.మీ. పారే నీరు = (వాన − 0.2ఎస్)² ÷ (వాన + 0.8ఎస్). జవాబు 41 మి.మీ. నేను ఎప్పుడూ ఇక్కడే ఆగిపోయేవాణ్ణి.

ఒక రాత్రి అదే పరీవాహక ప్రాంతాన్ని రెండు సమాన భాగాలు చేశాను. ఒకవైపు బండ, పలచని మట్టి: కర్వ్ నంబర్ 90. రెండోవైపు నీళ్లు బాగా ఇంకే అడవి నేల: 60. వాన ఒకవైపు 180 మి.మీ., ఇంకోవైపు 20. పెద్ద వాన బండవైపు పడితే మొత్తం మీద సగటున 75 మి.మీ. పారుతుంది. అడవివైపు పడితే 36 మాత్రమే. రెండుసార్లూ సగటు వాన 100, సగటు కర్వ్ నంబర్ 75, కానీ వరద రెండింతలు! తప్పు చేశానేమోనని మూడుసార్లు వేశాను, మారలేదు. ఎందుకంటే ఈ ఫార్ములా సరళరేఖ కాదు. నేల కడుపు నిండాక పడిన నీరు దాదాపు అంతా గెడ్డలోకే.

థీసెన్ బహుభుజులు (ఏ చోటుకైనా దగ్గరి వానమాపకం చూపిన వాననే తీసుకుని సగటు కట్టే పద్ధతి) నాకు అప్పుడే నిజంగా అర్థమయ్యాయి. కొండమీద వానమాపకం లేకపోతే అక్కడి 180 మన లెక్కలోకే రాదు. పెద్ద నదిలో ఈ తేడాలు కొంత సర్దుకుంటాయి, చిన్న గెడ్డలో సర్దుకోవు. ముందు రోజు వానతో నేల తడిసి ఉంటే కర్వ్ నంబర్ పెంచాలి, అదీ మరవకండి. ఇంకోటి, ఈ ఫార్ములాకు గంటలు తెలియవు. 100 మి.మీ. రెండు గంటల్లో పడినా రోజంతా పడినా ఒకటే జవాబిస్తుంది. అందుకే నీరు నేలలోకి ఇంకే వేగం కాలంతో ఎలా మారుతుందో చెప్పే హార్టన్, గ్రీన్-ఆంప్ట్ పద్ధతులు వదిలేయకండి.

గేట్‌లో తెరమీది క్యాలిక్యులేటరే ఇస్తారు కాబట్టి దాంతోనే సాధన చేయండి. బండవైపు 150, అడవివైపు 50 పెట్టి చూడండి. 61 దగ్గర రావాలి.