ఆ అర సెకను

బాబాయి కారులో పార్కింగ్ బ్రేకు పసుపు లైటు ఆరిపోయింది. ఆయన పప్పుచారు బాగుందని అమ్మకి చెప్పి, తాళం నా చేతిలో పెట్టి పడుకున్నాడు. నాకే నిద్ర పట్టట్లేదు. పార్కింగ్ బ్రేకు బటన్ లాగితే కుడి వెనక చక్రం దగ్గర మోటారు ‘జుయ్’మని ఆగిపోతోంది. ఎడమది ‘జుయ్య్య్’ అని ఇంకో అర సెకను లాగుతోంది. ఆ అర సెకనే చెవిలో ఉండిపోయింది.

గురువారం బాబాయి వెనక బ్రేకు ప్యాడ్లు మార్పించాడు. శుక్రవారం పొద్దున్నే పసుపు లైటు. షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ తగిలించి, కారు రాసుకున్న తప్పు కోడ్ చెరిపేశారు. ఆదివారం మళ్ళీ వెలిగింది. ఈసారి ఫోన్లో “బండి తోలుకోండి, అదే పోద్దండీ ఆయ్” అన్నారట. ఎక్కడికి పోద్ది?

నాకు మండేది ఇక్కడే. కోడ్ చెరపడమంటే జ్వరం చూసిన థర్మామీటరు దులిపి డబ్బాలో పెట్టెయ్యడమే. బటన్ లాగిన ప్రతిసారీ బ్రేకుని నడిపే చిన్న కంప్యూటరు, అదే మాడ్యూలు, ఆ మోటారు ఎంత కరెంటు తాగుతోందో చూస్తుంది. ప్యాడ్ డిస్కుని కరుచుకోగానే కరెంటు ఒక్కసారిగా లేస్తుంది. అది చూసి పట్టు దొరికిందని మోటారు ఆపుతుంది. తిరగాల్సినంత తిరిగినా కరెంటు లేవకపోతే తప్పు రాసుకుంటుంది. చెరిపితే రేపు మళ్ళీ రాసుకుంటుంది, దానికేం బద్ధకం లేదు.

షెడ్డులో ఏం చేసుంటారో ఊహించడం కష్టం కాదు. పాత కేబుల్ రకం వెనక క్యాలిపర్లలో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే బిగింపులు) చాలావాటికి పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి నెట్టాలి. ఆ చేతివాటంతోనే దీన్నీ తిప్పుతారు. మోటారు క్యాలిపర్ మీదే ఉండే రకంలో చాలావాటికి తిప్పడం ఉండదు, నిటారుగా నెట్టడమే. అదీ ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాకే. పిస్టన్ కడుపులో మర మీద నడిచే నట్టు ఒకటుంటుంది. సర్వీస్ మోడ్‌లో పెడితే మోటారు దాన్ని పూర్తిగా వెనక్కి లాక్కుంటుంది. లాక్కోకముందే సీ క్లాంపు పెట్టి బిగిస్తే ఆ బలమంతా నట్టు మీద, మర మీద, వెనకున్న బేరింగ్ మీద పడుతుంది. పైకి ఏమీ కనపడదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొన్ని కార్లు ఇగ్నిషన్ ఆపగానే వాటంతటవే బ్రేకు వేసేసుకుంటాయి. ఆ సమయానికి ప్యాడ్ల మధ్య ఎవరి వేళ్ళయినా ఉంటే అంతే.

అసలు మన గోదావరి డెల్టాకి ఈ మోటార్ల బ్రేకు ఎందుకు, అని సాయంత్రమంతా సణుక్కున్నాను. ఊరంతా పళ్ళెంలా ఉంటే బండి ఎటు జారుతుంది? ఏటిగట్టు ఎక్కేచోట, రేవులో దిగేచోట తప్ప వాలే లేదు. సఖినేటిపల్లి రేవు గుర్తొచ్చింది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు, దాని మీదకి అంబాసిడర్ దిగుతుంటే బల్లలు టకటకమనేవి. డ్రైవరు హ్యాండ్ బ్రేకు ‘గరగర’ లాగేవాడు. ఆ గరగరలోనే ఎంత పట్టిందో చెయ్యికి తెలిసేది, మరీ ఎక్కువ పళ్ళు దాటితే కేబుల్ బిగించే టైమైనట్టే. ఫస్ట్ గేరులో పెట్టి దిగేవాడు. పంటు కుర్రాడు తడిసి నల్లబడ్డ చెక్క దిమ్మ తెచ్చి వెనక టైరు కింద కాలితో తన్నేవాడు. వశిష్ఠ గోదావరి మధ్యలో లాంచి అల తగిలి పంటు ఊగినా కారు కదిలేది కాదు. స్కానరూ లేదు, కోడూ లేదు.

రాస్తుంటే తడుతోంది. కారు కదలకపోవడం ఆ దిమ్మ పుణ్యం. హ్యాండ్ బ్రేకుని నమ్మితే దిమ్మెందుకు? సాగిపోయిన కేబుళ్ళతో, తుప్పు పట్టిన లివర్లతో సగం బండ్లు తిరిగేవి, ఒక్క లైటూ వెలిగేది కాదు. ఈ పసుపు లైటు కనీసం అబద్ధం చెప్పట్లేదు. సరే, సాయంత్రం తిట్టినదంతా వెనక్కి తీసుకుంటున్నా. షెడ్డుని తిట్టింది మాత్రం కాదు.

ఎడమ మోటారు కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద చిలుం, పచ్చగా. అంతర్వేది పక్కన రొయ్యల చెరువు గట్టు మీద ఏళ్ళ తరబడి ఆగిన కారు, ఉప్పుగాలి ఊరుకుంటుందా. బటన్ లాగించి మీటరు పెడితే 12 వోల్టులు చూపించింది. మీటరు కరెంటు తాగదు కాబట్టి చిలుం ఉన్నా నిండుగానే చూపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించి బటన్ లాగించాను. బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. కుడివైపు భగ్గుమంది, ఎడమవైపు గుడ్డి దీపం. వోల్టేజీ మధ్యలోనే పోతుంటే మోటారు మెల్లగా తిరగక ఏం చేస్తుంది. పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో, చిన్న బ్రష్‌తో తోమితే రెండు బల్బులూ ఒకేలా వెలిగాయి. లాక్ ‘టక్’మనే దాకా నొక్కాను. ఈ పరీక్షతో కొత్త కోడ్ పడుతుంది, దాన్ని మాత్రం చెరపొచ్చు.

డోరు తీసుంచితే బ్యాటరీ 11.9కి దిగిపోయింది. అలాంటి బ్యాటరీతో క్యాలిబ్రేషన్, అంటే పట్టు ఎక్కడ దొరుకుతుందో మాడ్యూలుకి మళ్ళీ నేర్పడం, మొదలుపెడితే మధ్యలో ఆగిపోవచ్చు, అందుకే ముందు ఛార్జర్ తగిలించాను. తర్వాత పెడల్ గట్టిపడే దాకా అయిదారుసార్లు తొక్కాలి. ఇది వదిలేస్తే పిస్టన్ ఇంకా వెనకే ఉంటుంది, మోటారు ఖాళీలో తిరిగి తిరిగి తప్పు రాసుకుంటుంది. బహుశా గురువారం ఇదీ వదిలేశారు. బ్రేకు ఆయిల్ డబ్బా కూడా మూతదాకా నిండి ఉంది, పిస్టన్ నెట్టే ముందు కొంచెం తియ్యాలన్న ధ్యాస లేదు. క్యాలిపర్ జారే స్లయిడ్ పిన్నులకి మామూలు గ్రీజు రాశారు. దానికి రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టాను. సర్వీస్ మోడ్ తీసి క్యాలిబ్రేషన్ ఇస్తే మోటార్లు తమంతట తామే పట్టి వదిలాయి. లైటు ఆరింది. బాబాయి నవ్వాడు.

ఆ అర సెకను మాత్రం మిగిలింది. వైరు బాగుంది, గ్యాప్ లేదు. ఇక మిగిలింది నట్టే. ఎడమ మోటారుకున్న రెండు టార్క్స్ స్క్రూలు ఊడదీసి, వెనక బయటపడే ఇరుసుని చేత్తో తిప్పి చూడాలి. నునుపుగా తిరిగితే సరే. ఎక్కడైనా గరుకు తగిలితే క్యాలిపరే మార్చాలి. మళ్ళీ బిగించేటప్పుడు ఓ-రింగ్ కొత్తది వెయ్యాలి, పాతది నలిగితే వానాకాలం నీళ్ళు మోటార్లోకే.

ఓ-రింగ్ భీమవరంలో దొరకాలి. ఈ లోపు బాబాయికి పొద్దున్నే చెరువు దగ్గర పనుందట, పంటు మీదే వెళ్తాడట, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడట. కొట్టుగదిలో చెక్క దిమ్మ ఏదైనా ఉందేమో చూడాలి.