చింతపిక్కల మంగళవారం

మే నెల. పొద్దున్న తొమ్మిదికే వడగాడ్పు. పదకొండు నుంచి అయిదు దాకా పిల్లల్ని గడప దాటనివ్వడానికి లేదు. టీవీ పెట్టేస్తే రెండు గంటలు గడుస్తాయి, ఆ తర్వాత రిమోట్ కోసం కొట్లాట. అందుకని ఇవాళ రోజు మొత్తం ఒకే వస్తువు మీద: చింతపిక్కలు.

పది రకాల ఆటలకి పది రకాల సామాను తెచ్చిపెడితే అరగంటకోసారి "ఇప్పుడేం చెయ్యాలి?" అని వచ్చి నిలబడతారు. ఒకే సరుకు అయితే ఆ ప్రశ్న తగ్గుతుంది. పొద్దున కడిగిన పిక్కే మధ్యాహ్నం పాచిక అవుతుంది, సాయంత్రం గుంటలోకి పోతుంది. పైగా ఏడాదికి సరిపడా చింతపండు కొని గింజ తీసేది ఎండాకాలంలోనే కాబట్టి, చెత్తలోకి పోయే పిక్కల్లో కొన్ని పక్కన పెట్టుకుంటే చాలు. ఇవాళ్టి పనులన్నిటికీ 300 పిక్కలు, అంటే దాదాపు పావుకిలో. బొమ్మలకి మెత్తే మక్కు అనే ముద్ద కలపడానికి ఇంకో గుప్పెడు నిన్ననే వేరుగా తీసిపెట్టాలి, ఆ సంగతి తర్వాత.

మొదటి పని కడగడం. ఇది పెద్దవాళ్లు ముందే చేసిపెడితే ఒక గంట ఆట పోగొట్టుకున్నట్టే. పిక్కకి అంటుకున్న గుజ్జు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానితే వదులవుతుంది. ఆ తర్వాత గుప్పెడు ఇసకో బూడిదో వేసి రెండు చేతులతో రుద్దాలి. టబ్బు వరండాలో పెడితే నీళ్లు ఎంత చిమ్ముకున్నా గొడవ లేదు. నీళ్లలో తేలినవాటిని తీసి పారెయ్యాలి, లోపల పుచ్చిపోయినవవి. మునిగినవాటిలో కూడా గుండ్రటి చిల్లు కనిపిస్తే పురుగు తొలిచినట్టే, అదీ వద్దు. గుజ్జు పూర్తిగా పోకపోతే సాయంత్రానికి చీమలు బారులు తీరతాయి. డాబా మీద పాత చీర పరిచి ఆరబోస్తే ఈ ఎండకి రెండు గంటల్లో గలగలమంటాయి. ఆరినవాటిని పదేసి చొప్పున కుప్పలు పెట్టించి లెక్క కాగితం మీద రాయించాలి. ఈ లెక్క రాత్రికి మళ్లీ కావాలి.

ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే ఇవాళ్టి కార్యక్రమం మంచం మీదో బల్ల మీదో నడవాలి, నేల మీద కాదు. చింతపిక్క సరిగ్గా ముక్కు రంధ్రంలో పట్టే కొలత.

ఇక అష్టాచెమ్మా. గవ్వలుంటే మంచిదే, కానీ పిక్కలతో అయితే పాచికలు తయారుచేయడమే ఒక పని. ఒకే పరిమాణంలో ఉన్న నాలుగు పిక్కలు ఏరి, ఒక్కోదాన్నీ గరుకు బండ మీద ఒకవైపు మాత్రమే రుద్దాలి. ముందు గోధుమరంగు పొట్టు పోతుంది, తర్వాత తెల్లటి పప్పు కనిపిస్తుంది. తెలుపు ఆ ముఖమంతా పరుచుకోగానే ఆపెయ్యాలి. ఇంకా అరగదీస్తే పిక్క పలచబడి ఎప్పుడూ ఒకేవైపు పడుతుంది. మార్బుల్, టైల్స్ మీద ఇది జరగదు, జారిపోతుంది. సిమెంటు మెట్టు గాని పాత రుబ్బురోలు పక్క గాని కావాలి. రుద్దిన పిక్క బాగా వేడెక్కుతుంది, అది పక్కవాడి చేతికి అంటించి చురక పెట్టాలన్న ఆలోచన ఎవరూ నేర్పకుండానే ప్రతి పిల్లకీ వచ్చేస్తుంది. ఒకసారి నవ్వుకుని ఊరుకోవచ్చు, బుగ్గ మీద పెట్టబోతే మాత్రం ఆపాలి.

నేల మీద సుద్దతో అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గళ్లు. నాలుగు వైపులా మధ్య గడికీ, నట్టనడి గడికీ అడ్డగీతలు కొట్టాలి. ఆ గీత కొట్టిన ఇళ్లలో ఉన్న కాయని ఎవరూ చంపకూడదు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు: ఒకరికి బొగ్గు ముక్కలు, ఒకరికి శనగలు, ఒకరికి చొక్కా గుండీలు, ఒకరికి సుద్దముక్కలు. నాలుగు పిక్కలు వేస్తే ఎన్ని తెల్లగా పడితే అంత. నాలుగూ తెలుపైతే చెమ్మా, 4. నాలుగూ గోధుమరంగే అయితే అష్టా, 8. ఈ రెండిటికీ మళ్లీ పందెం, అంటే పిక్కలు ఇంకోసారి వేసే అవకాశం, ఉంటుంది. బయటి వరస కుడిచేతి వైపుగా, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగి, లోపలి వరసలో ముల్లు తిరిగే దిక్కునే పోవాలి. తన వైపు గీత కొట్టిన ఇంట్లోంచి బయల్దేరిన కాయ నడి గడిలో పండటానికి సరిగ్గా 24 అడుగులు: బయట 15, లోపలి చుట్టు 8, చివరి అడుగు 1. చాలా ఇళ్లలో ఎదుటివాళ్ల కాయ కనీసం ఒకటి చంపితేనే లోపలికి దారి.

చిన్నపిల్లలతో ఈ ఆట పావుగంటలో ఎందుకు చెడుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. నాలుగు పిక్కలు పడే తీరులు మొత్తం 16. అందులో చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. కాయ దించడానికి, అంటే ఆటలోకి తేవడానికి, ఆ రెండే పడాలంటే సగటున ఎనిమిది పందేలకి ఒక అవకాశం. నలుగురు ఆడుతుంటే ఒక్కొక్కరి వంతు వచ్చేసరికే ఆలస్యం, ఆ పైన ఏడెనిమిది వంతులు ఊరికే కూర్చోవాలంటే ఆరేళ్ల పిల్ల లేచిపోకుండా ఉంటుందా? కాబట్టి చిన్నవాళ్లుంటే ఒకటి పడినా కాయ దించుకోవచ్చని ముందే అనుకోవాలి. అప్పుడు 16లో 6 తీరులు పనికొస్తాయి. చంపితేనే లోపలికి అన్న నియమం కూడా మొదటి ఆటకి తీసేస్తే మంచిది. ఇంకొక ఏర్పాటు: నాలుగు కాయల బదులు రెండే. ఆట అరగంటలో ముగుస్తుంది, ఓడినవాళ్లకి రెండో ఆట ఆడే ఓపిక మిగులుతుంది.

పదేళ్లు దాటినవాళ్లకి ఇందులోనే ఇంకో పని ఉంది. పాచికలు 80 సార్లు వేయించి ఎన్నిసార్లు ఏది పడిందో గీతలు గీయించండి. పిక్కలు సమంగా ఉంటే అష్టా 5, ఒకటి 20, రెండు 30, మూడు 20, చెమ్మా 5, ఈ అంకెల చుట్టుపక్కల రావాలి. అష్టా పదిహేను సార్లు పడిందంటే ఏదో పిక్క మోసం చేస్తోంది. ఒక్కోదాన్నీ విడిగా ఇరవై సార్లు ఎగరేస్తే ఆ దొంగ దొరుకుతుంది. దాని బదులు కొత్తది రుద్దుకోవాలి. తరగతిలో సంభావ్యత అంటే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా, తాము ఓడిపోతున్నది పిక్క వల్లేనని తేల్చడానికి కాగితం నిండా గీతలు గీస్తారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయే వేళ. ఈ గంటకి నియమాలెక్కువున్న ఆట పనికిరాదు. సరి-బేసి చాలు: గుప్పిట్లో కొన్ని పిక్కలు పట్టుకుని "సరియా, బేసియా" అనడం, తప్పు చెప్పినవాళ్లు ఒక పిక్క ఇచ్చుకోవడం. లేదా యాభై పిక్కలు కుప్ప పోసి గట్టిగా ఒకసారి ఊది, విడిపడ్డవాటిని పక్కది కదలకుండా వేలితో తీసుకోవడం. కదిలితే వంతు పోతుంది. అయిదేళ్ల పిల్లల వేళ్లకి ఇంతకంటే మంచి పని లేదు. ఫ్యాను తిరుగుతున్నా ఈ పిక్కలు కదలవు, అదొక సుఖం. ఎనిమిదేళ్లు దాటితే పులి-మేక గీసివ్వండి: మూడు పులులకి రాళ్లు, పదిహేను మేకలకి పిక్కలు. మొదట మేకలు ఆడేవాళ్లే ఓడిపోతారు, ఒక్కో మేకనీ ఒంటరిగా వదిలేస్తారు గనక. వెనక ఇంకో మేక ఉన్నదాని మీంచి పులి దూకలేదని అర్థమయ్యాక ఆట తిరగబడుతుంది.

మూడున్నరకి మక్కు. ఈ రోజంతటిలో ఎక్కువ జాగ్రత్త కావలసిందీ, పిల్లలకి ఎక్కువ గుర్తుండేదీ ఇదే. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మ చేసేటప్పుడు కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే అతికిస్తారు. చేర్యాల నకాషీ కళాకారులు ముఖాల బొమ్మలకి కొబ్బరి చిప్ప మీద ఇలాంటి ముద్దనే మెత్తి ముక్కూ కళ్లూ దిద్దుతారు. ఇంట్లో చిప్పకేం కొదవ?

ముందురోజే చెయ్యవలసింది పెద్దవాళ్ల పని. పిక్కల్ని సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు వేయిస్తే పొట్టు పగులుతుంది. చల్లారాక రోట్లో నాలుగు దెబ్బలు వేసి చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి తెల్లపప్పు మిగులుతుంది. అది రాయిలా ఉంటుంది, పొడిగా మిక్సీలో వేస్తే బ్లేడుకే దెబ్బ. రాత్రంతా నానబెట్టి రుబ్బాలి. ఒక టీ గ్లాసు పప్పుకి రుబ్బడానికి పోసినవాటితో కలిపి ఆరు టీ గ్లాసుల నీళ్లు. చల్లటి నీళ్లలోనే ఉండల్లేకుండా కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టి తిప్పుతూ పదిహేను నిమిషాలు ఉడికించాలి. మరిగే నీళ్లలో పిండి వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండలు కట్టి, ఎంత తిప్పినా కరగదు. ఉడికిన గుజ్జు కాస్త నిగారింపుగా, గరిటెకి పట్టుకుని జారేలా ఉండాలి. పూర్తిగా చల్లారాకే పిల్లల చేతికివ్వాలి, జావలా పైకి చల్లగా ఉండి లోపల కాలుతుంది.

రంపపు పొట్టు వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు, కానీ ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి. ఉత్త కర్రదే కావాలి. పిండి జల్లెడ పట్టి సన్నటిదే తీసుకోవాలి. దుమ్ము లేస్తుంది కాబట్టి జల్లించడం బయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని. గుజ్జు ఒక వంతుకి పొట్టు రెండు వంతులతో మొదలుపెట్టి చపాతీ పిండిలా పిసకాలి. చిన్న ఉండ చేసి నొక్కితే అంచులు పగిలాయా, ఇంకా గుజ్జు కావాలి. అరచేతికి అంటుకుపోయి ఊడి రావడం లేదా, ఇంకా పొట్టు కావాలి.

కొబ్బరి చిప్ప పైన పీచు మొత్తం గీకెయ్యకండి, మక్కు పట్టుకునేది దాన్నే. చిప్పకి ఉన్న మూడు కళ్లలో రెండు కళ్లుగా, ఒకటి నోరుగా వదిలేస్తే సగం ముఖం ముందే వచ్చేసినట్టు. మిగతా అంతా పలచగా, చిటికెనవేలి సగం మందం మించకుండా మెత్తాలి. ముక్కు కోసం ఒకేసారి పెద్ద ముద్ద పెడితే ఆరేటప్పుడు చుట్టూ బీటలిస్తుంది. కొంచెం పెట్టి, అది ఆరాక ఇంకొంచెం. మీసాలకి, కనుబొమలకి తాడులా పాముకుని, అతికించేచోట వేలితో ఉత్త గుజ్జు రాసి అంటించాలి.

ఆరబెట్టడంలోనే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. ఎండ బాగా ఉంది కదా అని డాబా మీద పెడితే పైభాగం గబగబా ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, దాంతో నడిమికి పగులు. మొదటి రోజు నీడలో, ఫ్యాను గాలికి. రెండో రోజు ఎండలో. కాబట్టి రంగులు గురువారానికి, ఈ మాట పని మొదలుపెట్టకముందే పిల్లలకి చెప్పాలి. బీట పడితే నష్టమేం లేదు, పలచటి గుజ్జులో పొట్టు కలిపి పూడ్చెయ్యొచ్చు. రంగుకి ముందు సుద్దముక్కలు నూరి అప్పటికప్పుడు ఉడికించిన ఇలాంటి గుజ్జునే పలచగా చేసి కలిపి రెండు పూతలు వేస్తే కర్ర రంగు కనబడకుండా తెల్లటి నేల వస్తుంది, దాని మీద పోస్టర్ కలర్స్ చక్కగా తేలతాయి.

ఇది తిండి పదార్థంతో చేసిన జిగురు, ఒకటిన్నర రోజుకి పులుస్తుంది, బూజు పడుతుంది. మైదా బంక పాడవకుండా మైలుతుత్తం కలిపే అలవాటుంది గాని అది విషం, పిల్లలున్న చోట దాని ఊసే వద్దు. కావలసినంతే కలుపుకోవాలి.

అయిదున్నరకి ఎండ వాలాక వామనగుంటలు. పెరడుంటే తడిపిన మట్టిలో రెండు వరసలుగా ఏడేసి గుంటలు. అపార్టుమెంటులో 14 కాగితపు టీ కప్పులు పొట్టిగా కత్తిరించి అట్టకి అదే మక్కుతో అంటించుకోవచ్చు. గుంటకి 5 చొప్పున 70 పిక్కలు. తన వరసలో ఒక గుంట ఎత్తి ఒక్కోదాంట్లో ఒకటి వేసుకుంటూ పోవాలి, చేతిలోవి అయిపోగానే ఆ తర్వాతి గుంటవి ఎత్తి సాగించాలి. ఎత్తబోయే గుంట ఖాళీగా ఉంటే దాని పక్క గుంటలోవన్నీ సొంతం, వంతు ముగిసినట్టు. పక్కది కూడా ఖాళీయైతే ఏమీ రాదు. నియమాలు ఊరికో రకం, ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ల మాటే ఖాయం చేసుకోవడం మంచిది. గుంట లోతు పిల్లల పిడికిలి అంత చాలు, లోతెక్కువైతే వేళ్లతో తవ్వి తీసేసరికి లెక్క తప్పుతుంది.

రాత్రి సర్దేటప్పుడు పొద్దున రాసిన లెక్క ముందు పెట్టుకుని మళ్లీ పదేసి కుప్పలు. తక్కువొస్తే సోఫా కింద, చాప మడతల్లో, నిక్కరు జేబుల్లో. అక్కడా లేకపోతే చిన్నవాళ్ల ముక్కూ చెవులూ చూడాలి. ఒక ముక్కు రంధ్రం నుంచే చీమిడి కారుతూ వాసన వస్తుంటే అనుమానించాల్సిందే. పిన్నుతో, పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. చెవిలో ఉందని నీళ్లు పోస్తే గింజ ఉబ్బి బిగుసుకుంటుంది. తిన్నగా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లడమే. ఊపిరి ఆడక దగ్గుతున్నా, శ్వాసలో ఈల వినిపిస్తున్నా ఎవరి కోసమూ ఆగకుండా ఆసుపత్రికి.

లెక్క సరిపోతే పిక్కలు మూత గట్టి సీసాలో, నాలుగు ఎండిన వేపాకులతో. మిగిలిన గుజ్జు సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది. పాత పేపర్లో చుట్టి చెత్తలో వెయ్యాలి. గిన్నె మాత్రం వెంటనే నానబెట్టాలి, ఆరిందంటే కత్తితో గీకినా వదలదు.