సున్నా డాలర్ల ఫ్రైట్, నాలుగు రోజుల వైజాగ్

వైజాగ్ అంటే ఇన్నాళ్లూ నాకు సింహాచలం, ఆర్కే బీచ్, పెళ్లైన కొత్తలో కైలాసగిరి మీద కళ్లు మూసుకుని దిగిన ఒక ఫోటో. ఈసారి వెళ్లింది మాత్రం ఇరవై ఎనిమిది అట్టపెట్టెల కోసం.

మాది భీమవరం. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిప్పే మోటార్లకి కంట్రోలర్లు చేస్తాం. చేస్తాం అంటే నేనూ, మా బావమరిదీ, ఇద్దరు కుర్రాళ్లూ, అద్దెకి తీసుకున్న ఒక పోర్షనూ. టైము ప్రకారం మోటారు ఆన్ చేస్తుంది, ఆపుతుంది, ఒక ఫేజు పోతే మోటారు కాలిపోకుండా కట్ చేస్తుంది, గట్టు మీద నిలబడి ఫోన్లో బ్లూటూత్‌తో టైమింగులు మార్చుకోవచ్చు, అంతే దాని పని. కానీ రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళకి ఏరేటర్ తిరగకపోతే తెల్లారేసరికి రైతు నెత్తిన గుడ్డే, అందుకని సీజను ముందు సరుకు చేతిలో ఉండి తీరాలి. బోర్డు డిజైను మాదే, తయారీ, కాంపోనెంట్లు అతికించడం షెంజెన్‌లో.

ఇదివరకు వందేసి బోర్డులు కొరియర్లో తెప్పించేవాళ్లం. వారం తిరక్కుండా ఇంటి గుమ్మంలో ఉండేవి, డ్యూటీ కూడా కొరియర్ వాళ్లే కట్టేసి మా దగ్గర వసూలు చేసుకునేవాళ్లు, మాకు కస్టమ్స్ అనేది ఒకటుందని బిల్లు చూస్తేనే గుర్తొచ్చేది. ఈసారి ఆరువందల బోర్డులు, వాటితోపాటు ప్లాస్టిక్ ఎన్‌క్లోజర్లు కూడా అక్కడే చేయించాం. అక్కడ పడింది దెబ్బ. మొత్తం బరువు 410 కిలోలే, కానీ ఖాళీ డబ్బాలు కదా, 3.2 క్యూబిక్ మీటర్ల జాగా తిన్నాయి. కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, అలా చూస్తే మాది 640 కిలోల సరుకు. మామూలు ఎయిర్ కార్గోలో 6000తో భాగిస్తారు, అయినా 533. అంటే డబ్బాల్లో ఉన్న గాలికి విమానం టికెట్ కొంటున్నాం అన్నమాట. మా బావమరిది ఆ కొటేషన్ చూసి ఫోను బోర్లించి లేచి వెళ్లిపోయాడు.

అప్పుడు షెంజెన్ సప్లయర్ దగ్గర పనిచేసే అమ్మాయి మెసేజ్ పెట్టింది, ఓడలో పంపుతాం, సీఐఎఫ్ విశాఖపట్నం, ఫ్రైట్ సున్నా డాలర్లు అని. సీఐఎఫ్ అంటే విశాఖపట్నం దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్సు అమ్మినవాడే చూసుకోవడం, ఫ్రైట్ అంటే ఆ కిరాయే. సున్నా! రెండుసార్లు అడిగాను. సున్నాయే అంది. నేను భీమవరంలో స్వీట్లు పంచలేదుగానీ పంచినంత పని చేశాను.

సరుకు ఎల్‌సీఎల్‌లో వచ్చింది, అంటే పదిమంది సరుకు ఒకే కంటైనర్లో సర్ది పంపడం, మన ఊళ్లో షేర్ ఆటో లాగా. షెంజెన్‌లో ఓడెక్కి, సింగపూర్‌లో దిగి, అక్కడ వేరే చిన్న ఓడ ఎక్కి, మొత్తం ఇరవై నాలుగు రోజులకి వైజాగ్ చేరింది. ఓడ వాళ్లు చెప్పిన తేదీకి ఒక్క రోజు అటూ ఇటూ కాలేదు. ఆలస్యం అంతా ఒడ్డున మొదలైంది, అందులో మొదటి ముక్క నాదే. ఓడ రావడానికి ముందు రోజుకల్లా కస్టమ్స్‌కి సరుకు వివరాలు చెప్పే బిల్ ఆఫ్ ఎంట్రీ వేసేయాలి, దాటితే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 చొప్పున పడుతుంది. కస్టమ్స్ బ్రోకర్ కాయితాలు పంపమని మూడుసార్లు ఫోన్ చేశాడు, నేను పాలకొల్లులో మేనకోడలి పెళ్లిలో వడ్డనలో ఉన్నాను. రెండు రోజులు లేటు, పదివేలు. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

పడాల్సింది పడింది, ఇక వెళ్లి దగ్గరుండి విడిపించుకుందాం అని సోమవారం తాడేపల్లిగూడెంలో రత్నాచల్ ఎక్కాను. అన్నవరం దాటాక తూర్పు కనుమలు దగ్గరపడుతుంటే మనసు కొంచెం తేలికపడింది, దువ్వాడ వచ్చేసరికి మళ్లీ టెన్షన్. పక్కనే స్పెషల్ ఎకనమిక్ జోన్, అవతల స్టీల్‌ప్లాంటు, అక్కణ్ణుంచి వైజాగ్ స్టేషన్ దాకా పట్టాల మీద ఎటు చూసినా గూడ్సు బండ్లే. ఈ ఊరు బతికేది సముద్రం అందం మీద కాదని రైల్లోంచే తెలిసిపోతుంది.

బ్రోకర్ ఆఫీసు పాత పోస్టాఫీసు వైపు, ఒక పాత మేడ మీద. ఆయనకి అరవై దాటి ఉంటాయి, టేబుల్ మీద గాజు కింద పాత ఓడల ఫోటోలు. నేను కూర్చోకముందే, ‘‘చెక్క ప్యాలెట్ మీద ముద్ర ఉందా లేదా అడిగావా బాబూ మీ వోళ్లని?’’ అన్నాడు. చెక్కలో పురుగులు దేశం దాటకుండా వేడిచేసి గోధుమ కంకి గుర్తుతో ముద్ర వేస్తారు, పక్కన దేశం కోడు, హెచ్‌టీ అని రెండక్షరాలు ఉంటాయి. ఆరువందల ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టుకుని నేను చెక్క గురించి ఫోన్లో ఫోటోలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఉంది. ఆయన తల ఊపి రెండు కాయితాలు నా ముందుకి తోశాడు.

మొదటిది కస్టమ్స్ వాళ్ల క్వెరీ. మీ సరుకు 8537 అనే డ్యూటీ కోడు కింద వేశారు, 9032 కింద ఎందుకు రాదో చెప్పండి, బ్లూటూత్ ఉంది కాబట్టి వైర్‌లెస్ అనుమతి పత్రం ఇవ్వండి, క్యాటలాగు ఇవ్వండి అని. నేను వెంటనే లేచి, పదండి సార్, ఆఫీసరు గారిని కలిసి బోర్డు చూపిస్తాను, ఒక శాంపిల్ సంచిలో తెచ్చాను అన్నాను. ఆయన నవ్వి, ‘‘ఎవర్ని కలుస్తావు? ఆ ఆఫీసరు ఏ ఊళ్లో ఉన్నాడో నాకే తెల్దు’’ అన్నాడు. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ అట, వైజాగ్‌లో దిగిన సరుకు కాయితాలు దేశంలో మరెక్కడో కూర్చున్న అధికారి కంప్యూటర్లో తెరుచుకుంటాయి. నేను రెండొందల యాభై కిలోమీటర్లు వచ్చింది ఇక్కడ లేని మనిషిని కలవడానికన్నమాట.

సరే, అక్కడే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని జవాబు రాశాం. ఈ భాగం నాకు నిజంగా నచ్చింది, ఎందుకంటే నా బోర్డు ఏమిటో నేనే మొదటిసారి సరిగ్గా ఆలోచించాను. 9032 అంటే తనంతట తాను కొలిచి, కావలసిన విలువ దగ్గర నిలబెట్టే పరికరం. మా బోర్డు దేన్నీ కొలిచి నిలబెట్టదు, టైము చూసి మోటారు వేస్తుంది, ఫేజు పోతే ఆపుతుంది. ఆక్సిజన్ సెన్సరు తగిలించుకునే కనెక్టరు ఒకటి ముందుచూపుతో పెట్టాం గానీ అది ఉత్త కన్నం, వెనకాల ఏమీ లేదు. బ్రోచర్లో మాత్రం మా బావమరిది ‘ఆక్సిజన్‌ని ఆటోమేటిక్‌గా కంట్రోల్ చేస్తుంది’ అని రాశాడు. ఆ బ్రోచరే సప్లయర్ సరుకు కాయితాలతో పాటు పంపింది. అమ్ముకోడానికి రాసిన అబద్ధం తిరిగొచ్చి పోర్టులో కూర్చుంది. సర్క్యూట్ డయాగ్రం, ఫోటోలు, బ్లూటూత్ మాడ్యూల్‌కి వాళ్లడిగిన వైర్‌లెస్ అనుమతి, అంటే ఈటీఏ పత్రం, అన్నీ జతచేసి పంపాం. మంచిదైంది, బ్యాకప్ బ్యాటరీలు మాత్రం అక్కణ్ణుంచి పెట్టించలేదు. లిథియం బ్యాటరీ ఉంటే యూఎన్ 3481 అని ప్రమాదకర సరుకు కింద ఇంకో చాంతాడంత కాయితాలు.

రెండో కాయితం ఫార్వర్డర్, అంటే ఓడలో సరుకు పంపే ఏర్పాట్లు చూసే కంపెనీ, తాలూకు ఇక్కడి ఏజెంటు బిల్లు. డెలివరీ ఆర్డర్ ఫీజు, టెర్మినల్ హ్యాండ్లింగ్, కంటైనర్లోంచి సరుకు దింపినందుకు ఒకటి, డాక్యుమెంటేషన్ ఒకటి, పేరు చదివినా అర్థంకాని ఇంకో మూడు, జీఎస్టీతో కలిపి 41,300. గోడౌన్ అద్దె వేరే. నేను వణుకుతున్న గొంతుతో, ఫ్రైట్ సున్నా అన్నారండీ అన్నాను. ‘‘సున్నాయే కదా, ఫ్రైట్ లైన్లో ఏటీ నేదు చూడు’’ అన్నాడాయన. విషయం ఏమిటంటే, సీఐఎఫ్‌లో ఫార్వర్డర్‌ని ఎంచుకునేది అమ్మినవాడు. అక్కడ వాడికి ఉచితంగా, ఒక్కోసారి ఎదురు డబ్బిచ్చి కూడా సరుకు తీసుకుంటారు, ఆ లోటంతా దిగిన ఊళ్లో కొన్నవాడి దగ్గర పిండుకుంటారు. సరుకు మనకి అప్పగించమని ఇచ్చే డెలివరీ ఆర్డర్ వాళ్ల చేతిలో ఉంది, బేరమాడే దారి మనకి లేదు. ఎఫ్‌ఓబీ, అంటే అమ్మినవాడు అక్కడ ఓడ ఎక్కించేదాకే చూసుకునే పద్ధతి, తీసుకుని మన ఫార్వర్డర్‌ని మనం పెట్టుకుని ఉంటే రెండు చివర్లా రేటు ముందే తెలిసేది. ఈ ముక్క ఎవరైనా ముందు చెప్పి ఉంటే బావుండేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మంగళవారం జవాబు రాలేదు. ఆఫీసులో కూర్చుంటే ప్రతి పది నిమిషాలకీ స్టేటస్ చూడమని వాళ్ల కుర్రాణ్ణి పీడిస్తున్నానని నన్ను బయటికి తోలేశారు. రాస్ హిల్ ఎక్కాను. ఇక్కడ మూడు గుట్టల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి వరసగా ఉంటాయి, పైనుంచి చూస్తే హార్బర్ నోరు అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇవతల ఊరు, మధ్యలో కాలువంత దారి, అందులోంచి అపార్ట్‌మెంట్లంత ఓడ ఒకటి టగ్గుల మధ్య నత్తలా లోపలికి వస్తోంది. ఈ పోర్టు తెరిచింది 1933లో. అప్పట్లో అలల ఉధృతి ఆపడానికి రెండు పాత ఓడల్ని మూతి దగ్గర కావాలని ముంచారట, బ్రోకర్ గారే చెప్పారు. మా సరుకు ఈ కాలువలోంచి రాలేదు, కంటైనర్ టెర్మినల్ బయటి హార్బర్లో, ఫిషింగ్ హార్బర్ పక్కన ఉంది. సాయంత్రం అటు వెళ్లి రోడ్డు మీంచే పెద్ద క్రేన్లు చూశాను. పాస్ లేకుండా లోపలికి రానివ్వరు. మా పెట్టెలు తెచ్చిన ఓడ ఎప్పుడో వెళ్లిపోయింది, అయినా నిలబడి చూశాను.

బుధవారం పొద్దున్న పదకొండుకి క్వెరీ క్లియరైంది. బేసిక్ డ్యూటీ, దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, అన్నీ కలిపిన దాని మీద 18 శాతం ఐజీఎస్టీ. ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది గానీ ఆ పూట జేబులోంచి పోయేది పోయేదే. డ్యూటీ కట్టాక ఎగ్జామినేషన్ పడింది, గాజువాక వైపు గోడౌనుకి వెళ్లాం.

మా ఇరవై ఎనిమిది పెట్టెలూ ఎవరివో టైల్స్ పక్కన నిలబడి ఉన్నాయి. పదిహేడో నంబరు పెట్టెకి కింద మూల మెత్తబడి రంగు మారింది. ఆఫీసరు ఆ పెట్టే విప్పమన్నాడు, నేనైనా అదే విప్పమందును. బ్లేడుతో టేపు కోస్తే లోపల వెండిరంగు సంచులు, గాలి పీల్చేసి బిగించినవి, ఇటుకల్లా గట్టిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం చేత్తో నొక్కితే గాలి దిండులా లోపలికి పోయింది. మూల దగ్గర గుండుసూది పట్టేంత కన్నం. లోపల ఒక చిన్న అట్ట ఉంటుంది, దాని మీద మూడు చుక్కలు, పొడిగా ఉంటే నీలం, తేమ తగిలితే గులాబీ. మిగతా సంచుల్లో మూడూ నీలమే. ఇందులో 5, 10 శాతం తేమ అన్న చుక్కలు గులాబీ అయ్యాయి, 60 దగ్గర చుక్క ఇంకా నీలంగానే ఉంది. పగలు ఎండకి కాగి, రాత్రి చల్లబడి కంటైనర్ పైకప్పుకి పట్టే చెమట నీళ్లై కారతాయని బ్రోకర్ గారి కుర్రాడు చెప్పాడు. ఇరవై బోర్డులున్న సంచి అది. ఆఫీసరుకి అవేం పట్టలేదు, బోర్డు తిరగేసి, బ్లూటూత్ మాడ్యూల్ మీద నంబరు పత్రంతో సరిపోల్చుకుని, పెట్టెలు లెక్కపెట్టి సంతకం చేశాడు. సాయంత్రానికి అవుట్ ఆఫ్ ఛార్జ్, అంటే ఇక సరుకు తీసుకెళ్లొచ్చన్న కస్టమ్స్ ఆర్డరు, వచ్చింది. నాకు ఎంత ఆకలేసిందంటే జగదాంబ దగ్గర దిగి రెండు ప్లేట్ల ఇడ్లీ నిలబడే తిన్నాను.

గురువారం ఈ-వే బిల్లు తీసి, బొలెరో పికప్ మాట్లాడుకుని, డ్రైవరు పక్కన నేనూ ఎక్కాను. అన్నవరంలో ఆపి ప్రసాదం పొట్లాలు రెండు తీసుకున్నాం, అడ్డాకు విప్పితే ఇంకా వెచ్చగా ఉంది. ఇల్లు చేరేసరికి రాత్రైంది. ఆ ఇరవై బోర్డులూ ఓవెన్లో అరవై డిగ్రీల దగ్గర ఆరబెట్టి ఒక్కొక్కటే కరెంటు ఇచ్చి చూశాం, పంతొమ్మిది బాగానే ఉన్నాయి.

పడుకునే ముందు షెంజెన్ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, వచ్చే ఆర్డరు సీఐఎఫ్ వద్దు, ఎఫ్‌ఓబీ ఇవ్వండి, ధర ఎంత తగ్గుతుందో చెప్పండి అని. పొద్దున లేచేసరికి జవాబు ఉంది. డియర్, ఎఫ్‌ఓబీ అయినా ధర అదే, ఫ్రైట్ సున్నాయే కదా అని.