ముందున్న ఛార్జర్ మీద నమ్మకం లేనప్పుడు

కనుమ మర్నాడు మా అమ్మాయిని హైదరాబాదు హాస్టల్లో దింపడానికి విజయవాడ నుంచి మా ఎలక్ట్రిక్ కారులో బయలుదేరాము. దూరం దాదాపు 275 కిలోమీటర్లు. మా కారు బ్యాటరీ 30 యూనిట్లది. గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపితే 190 కిలోమీటర్ల వరకు వస్తుంది. కనుక దారిలో ఒక్కసారి ఛార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుందని, సగం దూరంలో ఉన్న సూర్యాపేట దగ్గర భోజనం చేస్తూ ఆ పని ముగించవచ్చని అనుకున్నాము. పండుగకు ఊళ్ళకు వచ్చినవారందరూ తిరుగుముఖం పట్టిన రోజు అది. సూర్యాపేట చేరేసరికి 24 శాతం మిగిలింది. మ్యాపులో రెండు గన్‌లు (ఛార్జర్ నుంచి కారుకు తగిలించే ప్లగ్గులు) చూపించిన చోట ఒకటి పనిచేయడం లేదు. పనిచేస్తున్న దానికి ఒక కారు తగిలించి ఉంది, దాని వెనుక మరొకటి వేచి ఉంది.

తెర మీద 83 శాతం కనిపించాక, "ఎనభై దాటింది కదండీ, ఇక తీస్తారా?" అని మొదటి కారు యజమానిని అడిగాను. "జహీరాబాద్ దాకా వెళ్ళాలమ్మా. ముందున్నది పనిచేస్తుందో లేదో తెలియదు, అందుకే పూర్తిగా నింపుకుంటున్నాను" అన్నారాయన. ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు. రెండో కారువారూ అదే చేశారు. మా వంతు వచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి, అప్పుడు మాకు కూడా 80 దగ్గర ఆపడానికి మనసు రాక 92 వరకు పెట్టుకున్నాము. మా వెనుక అప్పటికే మరో మూడు కార్లు ఉన్నాయి.

ఆ రోజు నుంచి నాకు గట్టిగా అనిపిస్తున్నది ఏమిటంటే, హైవే మీద వరుసలు పెరగడానికి ఛార్జర్లు తక్కువగా ఉండటం ఎంత కారణమో, తరవాతి ఛార్జర్ మీద నమ్మకం లేకపోవడం అంతే కారణం. బ్యాటరీ దాదాపు 80 శాతం నిండేవరకు కారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ పైన సెల్స్ వోల్టేజీ హద్దు దాటకుండా కారులోని నియంత్రణ వ్యవస్థ కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. అందువల్ల చివరి 20 శాతానికి పట్టే సమయం, 30 నుంచి 80 వరకు పట్టిన సమయానికి చాలాసార్లు దగ్గరగా ఉంటుంది. అంటే ముందు ఇంకొకటి ఉందన్న ధైర్యం ప్రతి ఒక్కరికీ ఉండి 80 దగ్గర ఆపగలిగితే, అదే గన్ మీద అదే రోజున దాదాపు రెట్టింపు కార్లు వెళ్ళగలవు. హైవేకు ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలలో చెప్పింది. దూరం లెక్క మంచిదే, కానీ ఉన్నది పనిచేస్తున్నదన్న భరోసా లేకపోతే ఆ దూరం ఎంత తగ్గినా జనం నూటికి నూరు నింపుకుంటూనే ఉంటారు. "ఇరువైపులా" అన్న మాట కూడా చిన్నది కాదు. మ్యాపులో దారిమీదే ఉన్నట్టు కనిపించే స్టేషన్ డివైడర్‌కు అవతల ఉంటే, యూటర్న్ కోసం ముందుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. 10 శాతం మిగిలినప్పుడు ఆ కిలోమీటర్ల బరువు తెలుస్తుంది.

ఛార్జర్ ఎంత వేగంగా కరెంటు ఇవ్వగలదో చెప్పేందుకు బోర్డు మీద రాసిన కిలోవాట్ల అంకెను చూసి సమయం లెక్కవేయడం కూడా నేను మానుకున్నాను. 60 కిలోవాట్ల ఛార్జర్‌కు రెండు గన్‌లు ఉండి రెండూ వాడుకలో ఉంటే చాలా చోట్ల చెరి 30 మాత్రమే అందుతుంది. ఒక్కరే ఉన్నా, బ్యాటరీ వోల్టేజీ 330 దగ్గర ఉండి గన్ గరిష్ఠంగా 150 ఆంపియర్లు ఇచ్చేదైతే 50 కిలోవాట్లు కూడా రావు. కారు తీసుకోగలిగే హద్దు అంతకంటే తక్కువైతే అదే ఆఖరి మాట. పైగా మన మే నెల ఎండలో రెండు గంటలు వేగంగా నడిపి వెంటనే గన్ పెడితే, బ్యాటరీ వేడెక్కి ఉండటం వల్ల కారే కరెంటు తగ్గించుకుంటుంది. వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరడం మాకు అందుకే అలవాటైంది.

డబ్బు సంగతి తక్కువ చికాకు కాదు. ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. యూనిట్ ధర మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. సిగ్నల్ లేనిచోట వాలెట్ నింపే పని పెట్టుకోకుండా, ఇంట్లోనే రెండు మూడు యాప్‌లలో కొంత సొమ్ము వేసుకుని వెళ్ళడం మేలు.

డిక్కీలో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టే ఛార్జర్ తప్పక ఉండాలి. గంటకు మూడు యూనిట్లే ఎక్కుతుంది, కానీ రాత్రి పది గంటలు నిలిపితే మా కారు నిండిపోతుంది. అయితే పల్లెలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు సాకెట్ ఉండి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఛార్జర్ ఎర్రలైటు చూపించి ఆగిపోతుంది. అది ఛార్జర్ చెడిపోవడం కాదు, మనల్ని కాపాడటం. ఎర్తింగ్ లేకుండా నడిపించే అడ్డదారులు ఎవరు చెప్పినా దయచేసి వినకండి.

వచ్చే నెల విశాఖపట్నం వెళ్ళాలి, దాదాపు 350 కిలోమీటర్లు. మొదటి విరామం రాజమహేంద్రవరంలో అనుకున్నప్పటికీ, దానికి ముందే ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో ఒక్కొక్క చోటు గుర్తుపెట్టుకున్నాను. వాటిలో ఒక్క గన్ మాత్రమే ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. యాప్‌లో పచ్చచుక్క కనిపించినంత మాత్రాన నమ్మకుండా, ఛార్జర్ ఉన్న హోటళ్ళకు ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, ఆ రోజు అక్కడ ఎవరైనా కారు ఛార్జింగ్ పెట్టుకున్నారా అని అడగబోతున్నాను.