పెద్దవారి ముఖానికి దెబ్బ తగిలినప్పుడు

కాలు జారి పడినప్పుడు నడివయసు వారికి తరచుగా మణికట్టు విరుగుతుంది. డెబ్బై, ఎనభై ఏళ్ల వారికి చాలాసార్లు ముఖమే నేలకు తగులుతుంది. పడిపోతున్నామని తెలిసిన క్షణంలో చేతులు ముందుకు చాచి ఒంటిని కాపాడుకునే వేగం వయసుతోపాటు తగ్గిపోవడమే ఇందుకు ముఖ్య కారణం. మన హైదరాబాదు ఇళ్లలోని గ్రానైటు, టైల్సు నేలలు ఆ దెబ్బను మరింత పెంచుతాయి. అందువల్ల పెద్దవారి ముఖగాయాన్ని రోడ్డు ప్రమాదంలో యువకుడికి తగిలిన గాయంలా చూసి, కుట్లు వేయించి ఇంటికి తీసుకువెళ్లడం సరిపోదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మలక్‌పేటలో ఉండే మా మేనత్తగారు ఒకనాటి తెల్లవారుజామున స్నానాలగది గడప తగిలి బోర్లా పడ్డారు. దగ్గరలోని ఒక క్లినిక్కులో గడ్డం కింద కుట్లు వేసి, టెటనస్ ఇంజెక్షను ఇచ్చి పంపించారు. పైగాయం మానుతున్నా, కింది పళ్ళసెట్టు సరిగ్గా కూర్చోవడం లేదనీ, కింది పెదవి ఒక పక్క మొద్దుబారిందనీ ఆమె చెబుతూ వచ్చారు. ఆ రెండూ దవడ విరిగినప్పుడు కనిపించే లక్షణాలు, ఎందుకంటే కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వెళుతుంది. చివరకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో చూపించి, సీటీ స్కాన్ తీయించిన తరువాత విరుపు బయటపడింది.

పళ్ళు లేని దవడ విరిగితే వైద్యం ఎందుకంత కష్టమో అప్పుడే నాకు వివరంగా తెలిసింది. పళ్ళు ఊడిన తరువాత దవడ ఎముక ఏటేటా అరిగిపోతుంది. దాని ఎత్తు 20 మిల్లీమీటర్లకు తగ్గితే పలచబడినట్లు లెక్క, 10 మిల్లీమీటర్లకన్నా తగ్గితే అతుక్కోవడం మరీ కష్టం. లోపలి రక్తనాళం సన్నబడడంతో ఎముక తన పైపొర నుంచి వచ్చే రక్తం మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. పైపళ్ళనూ కింది పళ్ళనూ తీగతో బిగించి కట్టే పాత పద్ధతి, పళ్ళే లేనివారి విషయంలో కుదరదు. 1865 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ మంత్రి విలియం సీవార్డ్‌కు 63 ఏళ్ల వయసులో గుర్రపుబండి ప్రమాదంలో దవడ విరిగినప్పుడు, థామస్ గన్నింగ్ అనే దంతవైద్యుడు గట్టి రబ్బరుతో ఒక ఆధారాన్ని తయారుచేసి నోటిలో అమర్చారు. రోగి సొంత పళ్ళసెట్టునే ఆ విధంగా వాడుకునే పద్ధతి కూడా ఉంది. ఇప్పుడు అరిగిన దవడకు నమలడంలోని బరువంతా తానే మోయగలిగిన మందమైన టైటానియం ప్లేటును మరలతో బిగిస్తున్నారు.

మా ఇంట్లో కూడా "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు?" అన్న మాట వచ్చింది. ఆ ప్రశ్నలో ప్రేమ ఉన్నప్పటికీ, జవాబును వయసు ఒక్కటే నిర్ణయించకూడదని నా అభిప్రాయం. మనిషి నమలగలుగుతున్నారా, కళ్లకు ఒకే వస్తువు రెండుగా కనబడుతోందా, గుండె, ఊపిరితిత్తులు మత్తుమందును తట్టుకుంటాయా అన్నవి చూడాలి. చెంప ఎముక కొద్దిగా నొక్కుకుపోయి, చూపుకూ నమలడానికీ ఇబ్బంది లేకపోతే శస్త్రచికిత్స లేకుండా వదిలేయడం కూడా సరైన వైద్యమే కావచ్చు. నమలలేక నెలల తరబడి జావ మీదనే గడిపే వృద్ధులు త్వరగా నీరసించిపోతారు కనుక, వారి విషయంలో శస్త్రచికిత్స గురించి తప్పక ఆలోచించాలి.

రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలో మాత్రం ఆలస్యానికి తావే లేదు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడేవారికి తలలో రక్తస్రావం జరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ముఖానికి తగిలిన దెబ్బ చిన్నదిగా కనిపించినా తలను పరీక్షించాలి, మెడ ఎముకలను కూడా చూడాలి. కంటి వెనుక రక్తం చేరితే కన్ను బయటకు పొడుచుకువచ్చి, తీవ్రమైన నొప్పితో చూపు మందగిస్తుంది. ఒకటి రెండు గంటలలో ఆ ఒత్తిడిని తగ్గించకపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. అటువంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. చెంప లేదా కంటిగూడు ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ముక్కు చీదనివ్వకూడదు, గాలి కంటిగూటిలోకి చేరుతుంది. రక్తం పలచబడే మందులను మనంతట మనం ఆపకూడదు, ఆ నిర్ణయం వైద్యులదే.

ఎందుకు పడ్డారన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం, నిద్రమాత్రలు, కంటిశుక్లం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవవలసి రావడం వంటి కారణాలను సరిచేయకపోతే వారు మళ్ళీ పడే ప్రమాదం అలాగే ఉంటుంది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకోండి. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మందులు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, వాటిలో కొన్ని దవడ మానడాన్ని దెబ్బతీయవచ్చు. పళ్ళసెట్టు పగిలి ఉన్నా ముక్కలన్నీ ఏరి తీసుకువెళ్లండి. ఏదైనా ముక్క తక్కువైతే అది గొంతులోకి గానీ ఊపిరితిత్తులలోకి గానీ వెళ్లిందేమో వైద్యులు వెతకవలసి ఉంటుంది.