మామ బాక్సులకు కొత్త వూఫర్లు

మా మేనమామకు ప్రొద్దుటూరులో క్యాసెట్ రికార్డింగు అంగడి ఉండేది. 1980ల్లో కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే, ఎల్పీ రికార్డుల నుంచి క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చే అంగళ్లు ఊరూరా ఉండేవి గదా, అలాంటిదే. అంగడి మూసేశాక షోకేసు, గల్లాపెట్టె ఎవరెవరో తీసుకుపోయారు. స్పీకర్ బాక్సులు రెండూ మాత్రం మామ ఇంట్లో మిద్దె మెట్ల కింద మిగిలిపోయాయి. నేను కడపలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. "తీసుకుపో పాపా, ఎలకలు కాపురం పెట్టకముందే" అని మామే అన్నాడు.

బాక్సులు కంపెనీవి కావు. అప్పట్లో ఎవరో ఆచారి చేసినవి, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన టేకు పొర. ఇదే అదృష్టం. బయట దొరికే పాత బాక్సుల్లో చాలావరకు పార్టికల్ బోర్డువే ఉంటాయి. ఒక్కసారి తడి తగిలితే అంచులు ఉబ్బి పొడిపొడిగా రాలతాయి, మళ్లీ అతకవు. వీటిని వేలిముడుకుతో అంతటా కొట్టి చూశాను. చెదలు లేవు, గట్టి చప్పుడే వచ్చింది. ఒక దాని వెనక పలక మాత్రం అతుకు విడిచింది. దానికి ఫెవికాల్ పూసి క్లాంపులు బిగించి రాత్రంతా ఉంచితే సరిపోయింది.

లోపలి స్పీకర్లు మాత్రం పోయాయి. బేస్ పలికే పెద్ద స్పీకర్ వూఫర్, దాని కాగితపు కోను బాగానే ఉంది, దాని చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు తగిలితే నల్లటి జిగట పొడిగా రాలింది. పాలీయురిథేన్ ఫోమ్ అంతే, వాడినా వాడకపోయినా గాలిలోని తేమకు, ఆక్సిజన్‌కు కుళ్లిపోతుంది. మన ఎండలు దానికి ఇంకాస్త సాయం. మల్టీమీటర్ పెడితే కోనును కదిలించే తీగచుట్లు, అంటే కాయిల్స్ రెండూ ఆరు ఓమ్‌లకు అటూ ఇటూ చూపించాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు డీసీలో అంతే రావాలి, అంటే కాయిల్స్ తెగలేదు. అలాంటప్పుడు ఫోమ్ రింగు ఒక్కటే మార్చుకోవచ్చు, ఖర్చూ తక్కువే. కానీ ఒక వూఫర్ కోనును రెండు చేతులతో మెల్లగా నొక్కితే లోపల గరగరమంది. కాయిల్ పక్కకు జరిగి అయస్కాంతాన్ని రాసుకుంటోంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెడితే జత కలవదు. అందుకే రెండూ మార్చాలనుకున్నాను.

ఇక్కడే చాలామంది నేరుగా అంగడికి పోయి "ఎనిమిదించుల వూఫర్ ఇవ్వండి" అంటారు. అంగడాయన ఎన్ని వాట్స్ కావాలని అడుగుతాడు. వాట్స్ అంటే స్పీకర్ కాలిపోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే లెక్క మాత్రమే. ఆ బాక్సులో అది ఎలా పలుకుతుందో అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. (ఇక చిన్న టేప్‌రికార్డర్ల మీద వేలల్లో అచ్చేసిన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ) వాట్స్ గురించి మాట్లాడకపోవడమే మేలు.) ముందు కొలవాల్సింది బాక్సునే. లోపల ఎత్తు 51, వెడల్పు 28.5, లోతు 24.5 సెంటీమీటర్లు. గుణిస్తే 35.6 లీటర్లు. వూఫర్ వెనక భాగం, అడ్డకర్ర ఆక్రమించే చోటు తీసేస్తే 34 లీటర్ల గాలి. గాలి పోయే గొట్టం లేదు, పూర్తిగా మూసిన బాక్సు.

మూసిన బాక్సులోని గాలి కోను వెనక స్ప్రింగులా పని చేస్తుంది. బాక్సు చిన్నదైతే స్ప్రింగు బిగుసుకుంటుంది. ఏ వూఫర్‌కు ఎంత గాలి సరిపోతుందో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించాడు, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. వూఫర్‌తో వచ్చే కాగితంలో ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని ఉండే అంకెలు ఆ ఇద్దరి చలవే. ఎఫ్ఎస్ అంటే బాక్సు లేకుండా వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ (రెజొనెన్స్), క్యూటీఎస్ అంటే ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె, వీఏఎస్ అంటే కోను బిగువుతో సమానంగా బిగిసే గాలి ఎన్ని లీటర్లో. వీఏఎస్‌ను బాక్సు లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి, దాంతో క్యూటీఎస్‌ను గుణించాలి. 0.7 దగ్గర వస్తే బేస్ సాఫీగా దిగుతుంది. 1 దాటితే ఏ పాటైనా గుమ్‌గుమ్‌మంటుంది. 0.5 దగ్గరకు పడితే బేస్ పలచబడుతుంది. ఇంటర్ పిల్లలకు ఇస్తే రెండు నిమిషాల్లో చేసేస్తారు.

కడపలో పెట్టె మీద వాట్స్ తప్ప ఇంకేమీ రాయని వూఫర్లే దొరికాయి. మద్రాసు రైలెక్కి ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌కు పోయాను. అక్కడా ముందు అడిగింది వాట్సే. "ఎవరి కోసం మేడం, సార్‌తో ఫోన్లో మాట్లాడించండి" అన్న అంగడి నుంచి ఇవతలికి వచ్చేశాను. మరో చోట ఒక పెద్దాయన ఏమీ అనకుండా డేటా షీట్ల ఫైలు నా ముందు పెట్టాడు. అక్కడే నిలబడి ఫోన్లో లెక్కలు వేసుకున్నాను. కార్ల కోసం చేసినదొకటి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, క్యూటీఎస్ 0.7. మా బాక్సులో పెడితే 1 దాటేస్తుంది. చివరికి ఎఫ్ఎస్ 38 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 50 లీటర్లు ఉన్నది దొరికింది. 34 లీటర్లకు సరిగ్గా 0.707 వచ్చింది, బాక్సులో రెజొనెన్స్ 60 హెర్ట్జ్. రింగు కూడా ఫోమ్ కాదు, రబ్బరు. దాంతోపాటు పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్లు తీసుకున్నాను.

కొత్త వూఫర్‌కు రంధ్రం కాస్త పెద్దది కావాలి. మా వీధి ఆచారి ఆకురాయితో చుట్టూ అరగదీసి ఇచ్చాడు. ఆయనకు నేను పెట్టిన షరతు ఒక్కటే: పొడి మొత్తం దులిపేదాకా వూఫర్ అట్టపెట్టె విప్పకూడదు. రంపపు పొట్టు కాయిల్ సందులోకి పోతే ఇక తియ్యలేం.

ఎక్కువ కాలం పట్టింది క్రాసోవర్‌కే, అంటే కింది స్వరాలను వూఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు పంచే సర్క్యూట్‌కు. పాతదాంట్లో ట్వీటర్‌కు ఒక కెపాసిటర్ తప్ప ఏమీ లేదు, వూఫర్ అన్నీ తనే పాడేది. నేను 2500 హెర్ట్జ్ దగ్గర విడగొట్టే లింక్‌విట్జ్-రైలీ రకం ఎంచుకున్నాను. 8 ఓమ్‌లకు లెక్కగడితే 4 మైక్రోఫారడ్లు, 1 మిల్లీహెన్రీ వస్తుంది. కెపాసిటర్లు 3.9వి, పాలీప్రొపిలీన్‌వి దొరికాయి. కాయిల్స్‌కు మద్రాసు దాకా పోనక్కరలేదు. బోరు మోటార్లు కాలిపోవడం మన సీమలో రోజూ ఉండేదే కాబట్టి వైండింగ్ అంగళ్లకు కొదవ లేదు. 18 గేజు ఎనామిల్ రాగి తీగ అక్కడ కిలోల లెక్కన ఇస్తారు. రేడియోలు బాగుచేసే భాయ్ దగ్గర కాయిల్ విలువ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ ఉంది. కాస్త ఎక్కువే చుట్టి, 1 మిల్లీహెన్రీ చూపించేదాకా ఒక్కో చుట్టూ విప్పుతూ వచ్చాం. కాయిల్స్ రెండూ ఒకే పలక మీద పెట్టేటప్పుడు దూరంగా, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉండాలి. లేకపోతే ఒక దాని అయస్కాంత క్షేత్రం రెండోదాంట్లోకి దూరుతుంది. ట్వీటర్ వూఫర్ కన్నా 3 డెసిబెల్స్ గట్టిగా పలుకుతుంది. వరసలో 2.2 ఓమ్‌లు, ట్వీటర్‌కు సమాంతరంగా 20 ఓమ్‌ల సిమెంట్ రెసిస్టర్లు పెట్టి తగ్గించాం.

తీగలు కలిపేటప్పుడు భాయ్‌కూ నాకూ వాదన పడింది. నేను ట్వీటర్‌కు ప్లస్ మైనస్ తారుమారు చేయమన్నాను. "ముప్పై ఏళ్ల నుంచి ఎర్ర తీగ ఎర్ర చోటే పెడుతున్నా మేడం, ఇప్పుడు తిప్పమంటారా?" అన్నాడు. ఈ రకం క్రాసోవర్‌లో 2500 హెర్ట్జ్ దగ్గర వూఫర్ ముందుకొస్తుంటే ట్వీటర్ వెనక్కి పోతుంది. ఒకదాని శబ్దాన్ని మరొకటి మింగేస్తుంది. తిప్పి కలిపితే రెండూ కలిసి కదులుతాయి. మాటలతో తేలేది కాదని ఫోన్లో 2500 హెర్ట్జ్ టోన్ పెట్టి, ముందు ఆయన చెప్పినట్టే కలిపి వినిపించాను. తర్వాత తిప్పి కలిపాను. సౌండ్ ఒక్కసారిగా లేచింది. భాయ్ ఏమీ అనలేదు గానీ రెండో బాక్సుకు నేను చెప్పకుండానే తిప్పి కలిపాడు.

లోపల నింపడానికి పరుపుల అంగడిలో దిండ్లకు వాడే రిక్రాన్ తెచ్చాను. వదులుగా నింపితే గాలి చోటు కాస్త పెరిగినట్టు లెక్క, లోపలి ప్రతిధ్వనులూ తగ్గుతాయి. కూరితే మాత్రం లాభం లేదు. అన్నీ బిగించాక సన్నటి బేస్ టోన్ పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట తిప్పాను. ఒక మూల పొగ వణికింది. అక్కడ మళ్లీ జిగురు పట్టించాను. మూసిన బాక్సుకు గాలి కారడం కన్నా పెద్ద జబ్బు లేదు.

లెక్క నిజమేనా అని చూడాలిగా! ఆంప్లిఫైయర్‌కూ స్పీకర్‌కూ మధ్య 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, టోన్‌ను 30 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుతూ స్పీకర్ కొసల దగ్గర ఏసీ ఓల్టేజీ చూశాను. రెజొనెన్స్ దగ్గర అది బాగా పైకి లేస్తుంది. 62 దగ్గర లేచింది. కాగితం మీద 60, చేతిలో 62. ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు, బోర్డు మీద మాత్రం ఇదే గ్రాఫ్ గీశాను.

కింద పెట్టడానికి స్టాండ్లు కొనలేదు. కడపలో ఉండి నల్లబండకు కరువా? బండల అంగడిలో మిగులు ముక్కలు కోయించి, ఇటుకల మీద పరిచి, రబ్బరు బిళ్లలు వేసి బాక్సులు ఎక్కించాను. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు రావాలి, అంతే.

మామను పిలిచి మొదట హరికథ రికార్డింగు వినిపించాను. మనిషి గొంతు, చిడతలు, మృదంగం మూడూ ఒకేచోట ఉంటాయి, స్పీకర్ ఎక్కడ తడబడినా దొరికిపోతుంది. చిడతలు చురుగ్గా పలికాయి, చెవిని గుచ్చలేదు. మామ చాలాసేపు విని, "గొంతు శానా బాగుండాది. బేసే తగ్గిండాది పాపా" అన్నాడు. పాతదాంట్లో వినిపించింది బేస్ కాదని, ఏది పెట్టినా ఒకే గుమ్ము వచ్చేదని గ్రాఫ్ చూపించి మరీ చెప్పాను. తల ఊపాడు. నేను కాఫీ కలపడానికి లోపలికి పోగానే ఆంప్లిఫైయర్ బేస్ నాబ్ చివరి దాకా తిప్పేశాడు. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అదే పని, ఆయన పోయాక నేను మళ్లీ మధ్యకు తెచ్చుకుంటాను. ముందు వేసే గుడ్డ ఒక్కటి ఇంకా దొరకలేదు. నోటితో ఊదితే గాలి అవతలికి సులువుగా పోవాలి, మామ చెప్పిన మెరూన్ రంగూ కావాలి.